అమ్మ నోటుబుక్కు: తెలుగు పాటలు, ఒడియా అక్షరాలు

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
ఆదివారం, ఉదయం 7.40

అందరికీ నమస్కారం. అమ్మ పోయి ఏడాది దాటింది. పోయిన వారం ఆమె బీరువా సర్దుతుంటే చీరల అడుగున ఒక పాత నోటుబుక్కు దొరికింది. మొదటి రెండు పేజీల్లో పాలవాడి లెక్కలు, కిరాణా బాకీ. ఆ తరువాత అంతా పాటలే. వరుస అంకెలు వేసి మరీ రాసుకుంది, మొత్తం 61 పాటలు. ఒక్కటి తప్ప అన్నీ తెలుగు పాటలు. పుస్తకంలో ఒక్క తెలుగు అక్షరం లేదు. అంతా ఒడియా లిపి.

అమ్మ చదివింది ఒడియా బడిలో, అయిదో తరగతి దాకా. ఇంట్లో మాటలు, తిట్లు, లాలిపాటలు అన్నీ తెలుగే. రేడియోలో పాట వస్తుంటే పక్కన కూర్చుని రాసుకునేది. ఒక్కసారి విని రాయడం ఎవరివల్లా కాదు కనుక అందని మాట దగ్గర ఖాళీ వదిలేది. మళ్లీ ఎప్పుడో ఆ పాట వచ్చినప్పుడు వేరే సిరాతో ఆ ఖాళీ నింపేది. ఒక పాటలో మూడు రంగుల సిరాలు కనిపిస్తున్నాయి. ఆ ఒక్క పాటకు ఎన్ని నెలలు ఎదురుచూసిందో!

ఇప్పుడు వీటిని తెలుగు లిపిలోకి ఎత్తి రాస్తున్నాను. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది ముప్పై ఏళ్లు దాటాక, కాబట్టి పని నెమ్మదిగా సాగుతోంది. చిక్కంతా ఒడియా లిపితో. అందులో ఎ, ఏ రెంటికీ ఒకే అక్షరం. ఒ, ఓ లకూ అంతే. వకారం ఉన్నచోట అమ్మ బకారమే రాసింది. ‘మిస్సమ్మ’లోని ‘రావోయి చందమామ’ ఆమె పుస్తకంలో ‘రాబొయి చందమామ’. చిన్నప్పుడు ఆ పేజీ చూసి పాడుతూ, అది ఇంకా రాని చందమామ గురించిన పాట అనుకున్నాను. రాబోయే చందమామ. అలా అనుకున్న రోజుల్లోనూ నాకు ఆ పాట ఎంతో ఇష్టం.

చాలా పాటలు పోల్చుకోగలిగాను. రెండు మాత్రం తేలలేదు. 38వ పేజీలో ‘ప్రియె చారుశీలె’ అని ఉంది. జయదేవుడి సంస్కృత గీతగోవిందంలోని అష్టపది అని తెలుసు, కాని అమ్మ దానిని ఎక్కడ విన్నదో తెలియదు. చివరి పేజీలో ఉన్న పాటకు సినిమా పేరు లేదు, ఎక్కడ వెతికినా దొరకలేదు. దాని సంగతి తరువాత రాస్తాను.

మీ ఇళ్లలోనూ ఇలాంటి పుస్తకాలు ఉంటే చెప్పండి. మన ఒడిశా వైపు బళ్లలో తెలుగు లేకపోయినా మనకు తెలుగు ఎలా మిగిలిందో నాకు ఈ పుస్తకం చూశాకే తెలిసింది. మీకు అలా మిగిల్చిన పాట ఏది?


పాత రేడియో (రాయగడ)
ఆదివారం, ఉదయం 9.15

మహేంద్రతనయ గారూ, మీ అమ్మగారి మూడు సిరాల సంగతి చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. ఆ ఎదురుచూపు నాకు తెలుసు. నేను జేకేపూరు కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యాను. మా క్వార్టర్స్‌లో తెలుగు, ఒడియా, బెంగాలీ, హిందీ అన్నీ వినిపించేవి. నా వాటా తెలుగు రాత్రిపూట వచ్చేది.

పిల్లలకు ఇది చెబితే నమ్మరు. పగలు మీడియం వేవ్ దగ్గరి ఊళ్లకే అందుతుంది. ఆకాశంలో కింది పొర ఒకటి ఆ తరంగాలను పగలంతా మింగేస్తుంది. పొద్దు గూకాక ఆ పొర పలచబడి పోతుంది, ఇంకా పైనున్న పొర తరంగాలను తిరిగి భూమి మీదికి వంచుతుంది. అందుకే పగలు గరగర తప్ప ఏమీ వినిపించని విజయవాడ కేంద్రం రాత్రి ఎనిమిది దాటాక మా కొండల మధ్య గంట కొట్టినట్టు పలికేది. సిలోన్ తెలుగు ప్రసారాలు షార్ట్ వేవ్ మీద వచ్చేవి. మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినని తెలుగు ఇల్లు మా లైనులో లేదు. ఆమె పాట పేరు చెప్పే తీరులోనే సగం పాట వినిపించేది.

నా పాట అడిగారు. ‘మల్లీశ్వరి’, 1951. ‘మనసున మల్లెల మాలలూగెనే’. భానుమతి గారు పాడారు, మాట దేవులపల్లి కృష్ణశాస్త్రి గారిది, వరస సాలూరి రాజేశ్వరరావు గారిది. మా ఆవిడ పోయాక నేను ఆ పాట మూడేళ్లు పెట్టుకోలేదు. ఇప్పుడు మళ్లీ వింటున్నాను.

ఒక మాట నిర్మొహమాటంగా అంటాను. ఇప్పటి పాటల్లో మాట వినిపించదు. మోత ముందుంటుంది, మాట వెనకెక్కడో ఉంటుంది. మీ అమ్మగారు ఈ రోజుల్లో పుట్టి ఉంటే ఆ పుస్తకం నిండేది కాదు, అన్నీ ఖాళీలే మిగిలేవి.


బరంపురం కోడలు (బరంపురం)
ఆదివారం, ఉదయం 11.02

నమస్తే. నేను ఒడియా ఇంటి ఆడపిల్లను. మా వారిది తెలుగు నేత కుటుంబం. పట్టుచీరలు నేసే వీధిలో పెళ్లయి వచ్చాను. ఈ సంగతి గురించి నేను చెప్పవలసింది చాలా ఉంది.

మహేంద్రతనయ గారి అమ్మగారు చేసిన పనే నేనూ చేశాను. అత్తగారు పాడుతుంటే ఒడియాలో రాసుకునేదాన్ని. నా నోట ‘వెన్నెల’ ‘బెన్నెల’ అయ్యేది. అత్తగారు ఒక్కరోజు కూడా నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, పై పళ్లతో కింది పెదవి తాకించి చూపించి, ‘వ అను’ అనేవారు. ‘వ’ నాకు వచ్చిన రోజు ఆవిడ పక్కింటివాళ్లకు జంతికలు పంచారు. తెలుగు నాకు అలా వచ్చింది. నా పాట కూడా ‘రావోయి చందమామ’ అని చెప్పుకోవాలి. ఏ.ఎం. రాజా, పి. లీల పాడుతుంటే ఇద్దరిలో ఎవరూ గొంతు పెంచరు. అలిగిన వాళ్లు కూడా నెమ్మదిగా మాట్లాడుకోవచ్చని ఆ పాటలో విన్నాను.

కాని నాకు ఒక బాధ ఉంది. మన తెలుగువాళ్లు ఇక్కడ ఒడియా పాటలు వింటారు, ఇష్టపడతారు, పైకి చెప్పరు. అక్షయ మహంతి పాట వస్తే మా మామగారు మగ్గం ఆపేవారు. ‘ఏం బాగుంది మామయ్యా?’ అంటే ‘దారం తెగింది’ అనేవారు. దారం తెగలేదు. నాకు తెలుసు. సంబల్‌పురి ‘రంగబతి’ మోగితే మా వీధిలో కూర్చున్న మనిషి ఉండడు. జితేంద్ర హరిపాల్, కృష్ణ పటేల్ పాడిన ఆ పాట 1970ల నాటిది. వాళ్లిద్దరికీ, రాసిన మిత్రభాను గౌంటియా గారికీ పద్మశ్రీలు వచ్చాయి. మన సుశీల గారు, జానకి గారు, వాణీ జయరాం గారు ఒడియాలో పాడారు. వాళ్లకు లేని సరిహద్దు మనకు ఎందుకు?

ఇక మీ 38వ పేజీ. ‘ప్రియే చారుశీలే’ మా పుట్టింటి పాట. ఒడిస్సీ నేర్చుకునే ప్రతి పిల్లకూ గీతగోవిందం వస్తుంది. పురీ గుడిలో గీతగోవిందం పాడాలని 1499లో ప్రతాపరుద్ర దేవుడు వేయించిన శాసనం ఉంది. మీ అమ్మగారు ఒడియా రేడియోలోనే విని ఉంటారని నా నమ్మకం.


సాలూరు ఘాటు (సాలూరు)
ఆదివారం, మధ్యాహ్నం 2.30

లారీ డ్రైవరును. సాలూరు, సుంకి, పొట్టంగి, కొరాపుట్ నా రోడ్డు. మా సాలూరు పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. సాలూరి రాజేశ్వరరావు గారి ఊరు మా పక్కనే శివరామపురం. ఇంటిపేరులోనే మా ఊరు ఉంది. మద్రాసులో అంత పెద్ద సంగీత దర్శకుడైన మనిషి ఈ ఒడియా కొండల పాదాల దగ్గర పుట్టాడని నా క్లీనర్లందరికీ చెబుతాను.

ఘాటులో నాకు ఇళయరాజా గారు కావాలి. ‘సాగర సంగమం’లో ‘మౌనమేలనోయి’. బాలుగారు, జానకమ్మ. రాత్రి రెండు గంటలకు మలుపులో ఎదురు బండి దీపం కనబడినప్పుడు తల నిబ్బరంగా ఉండాలి. గట్టి పాట పెట్టుకుంటే చెయ్యి తొందరపడుతుంది. ఈ పాటతో చెయ్యి తొందరపడదు. ఇది ఇరవై రెండేళ్ల అనుభవం.

ఇంకొకటి. ఘంటసాల గారి భగవద్గీత. ఆయన 1974 ఫిబ్రవరిలో పోయారు, ఆ రికార్డు ఆయన పోయాకే జనంలోకి వచ్చింది. ఇప్పుడు ఊళ్లో అది వినిపిస్తే ‘ఎవరు పోయారు?’ అని అడుగుతారు. తెల్లవారుజామున నేను బండిలో పెడితే టీ కొట్టు ఆయన ‘తీసేయి నాయనా, పొద్దున్నే’ అంటాడు. నాకు కోపం వస్తుంది. అంత గొంతు పెట్టి పాడింది శవాల బండికోసమా? బతికున్న మనిషి వినాలని పాడారు. నేను తీయను.


వీణ పంతులమ్మ (జయపురం)
ఆదివారం, రాత్రి 8.20

చర్చ చదువుతుంటే మనసు నిండింది. నేను విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నాను, పెళ్లయి జయపురం వచ్చి పిల్లలకు పాఠాలు చెబుతున్నాను.

సాలూరు ఘాటు గారూ, మీ ఊరి గొప్ప అక్కడితో ఆగలేదు. ఘంటసాల గారు గురువును వెతుక్కుంటూ విజయనగరం వచ్చినప్పుడు ఆయనకు పాఠం చెప్పింది పట్రాయని సీతారామశాస్త్రి గారు. ఆయనను అందరూ ‘సాలూరు చిన గురువుగారు’ అనేవారు. ఆయన కుమారుడు సంగీతరావు గారు మద్రాసులో ఏళ్ల తరబడి ఘంటసాల గారి పక్కన హార్మోనియం మీద ఉన్నారు. నూరేళ్లు బతికి 2021లో వెళ్లిపోయారు. ఆ సంగీత కళాశాల 1919లో మొదలైంది. తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు. సుశీల గారు విజయనగరం ఆడపడుచు, అదే కళాశాల విద్యార్థిని. మనం సరిహద్దు వాళ్లం, మనకు అన్నీ దూరం నుంచి వచ్చాయని అనుకుంటాం. పాట విషయంలో అది నిజం కాదు. తెలుగు సినిమా పాట మద్రాసు వెళ్లి మనకు తిరిగి వచ్చింది. దాని గొంతు ఇక్కడ తయారైంది.

‘మాయాబజార్’ ఒక్కటి చాలు. 1957. అందులో కొన్ని పాటలకు రాజేశ్వరరావు గారు వరసలు కట్టి పక్కకు తప్పుకున్నారు, మిగతా పని ఘంటసాల గారు పూర్తి చేశారు. ‘లాహిరి లాహిరి లాహిరిలో’ మోహన రాగం. స, రి, గ, ప, ద. అయిదే స్వరాలు. మధ్యమం, నిషాదం లేవు కనుక అడ్డుపడే మెట్టు ఉండదు, ఎటు జరిగినా గొంతు హాయిగా ఒడ్డు చేరుతుంది. పడవ పాటకు అంతకన్నా తగిన రాగం లేదు. నా దగ్గరకు వచ్చే ఒడియా పిల్లలకు మొదట ఇదే నేర్పుతాను. వాళ్ల ఇళ్లలో హిందుస్తానీ భూప్ విన్న చెవులు ఉంటాయి, అవే అయిదు స్వరాలు కనుక వెంటనే పట్టేస్తారు.

ఇక అష్టపది. బరంపురం కోడలుగారి మాట తీసేయలేను. కాని 1982లో ‘మేఘసందేశం’ వచ్చింది. రమేశ్ నాయుడు గారి సంగీతం. అందులో ఏసుదాస్, సుశీల గార్లు ‘ప్రియే చారుశీలే’ పాడారు. ఆ సినిమాకు ఆ ముగ్గురికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. అంతకు ముందే, 1956లో ‘తెనాలి రామకృష్ణ’లో సుశీల గారు ‘చందన చర్చిత’ పాడారు, అదీ జయదేవుడిదే. తెలుగు ఇల్లాలికి అష్టపది సినిమా దారిలో కూడా వస్తుంది. మహేంద్రతనయ గారూ, 38వ పేజీకి అటూ ఇటూ ఏ పాటలు ఉన్నాయి?


మహేంద్రతనయ (పర్లాకిమిడి)
ఆదివారం, రాత్రి 9.05

పంతులమ్మగారూ, ఇప్పుడే చూశాను. 37వ పేజీలో ‘ఆకులొ ఆకునయి’. 39లో ‘ఆకాశ దెశాన’. మూడూ ఒకే సిరా. మూడూ ఒకే సినిమావి. ఇంతకాలం నేను ఒక్కొక్క పేజీని విడిగా చూస్తున్నాను, పక్కపేజీని అడగాలని తోచలేదు.

కాని బరంపురం కోడలుగారికీ ఒక మాట చెప్పాలి. అష్టపది పేజీలో ఖాళీలు లేవు. ఒక్క మాట తప్పు లేదు. మిగతా రెండు పాటల్లో నాలుగేసి ఖాళీలు ఉన్నాయి. అంటే ఆ సినిమా రాకముందే అమ్మకు ఆ అష్టపది వచ్చు. మీ ఇద్దరిదీ నిజమే అయింది.


బరంపురం కోడలు (బరంపురం)
ఆదివారం, రాత్రి 9.20

ఒడియా రేడియోలో విన్న పాటను ఏసుదాస్ గారు తెలుగు సినిమాలో పాడుతుంటే మీ అమ్మగారి ముఖం ఎలా ఉండి ఉంటుందో ఊహిస్తున్నాను. ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు.


గుణుపురం బండి (గుణుపురం, ఇప్పుడు భువనేశ్వర్ హాస్టలు)
సోమవారం, ఉదయం 6.50

అందరికీ నమస్కారం. నేను ఇంజనీరింగు మూడో సంవత్సరం. పెద్దల మధ్య మాట్లాడుతున్నాను, తప్పైతే మన్నించండి. కాని పాత రేడియో తాతగారి మాటకు జవాబు చెప్పకుండా ఉండలేను.

ఇప్పటి పాటల్లో మాట లేదన్నారు. ‘అల వైకుంఠపురములో’ సినిమాలో ‘సామజవరగమన’ రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు. మీ తరం ఎంతో గౌరవించే కవి. 2020లో వచ్చిన సినిమాకు ఆయన రాసిన పాటను నా వయసు వాళ్లు లక్షలమంది కంఠతా పట్టారు. 2021 నవంబరులో ఆయన పోయిన రోజు మా హాస్టలులో నలుగురం తెలుగు పిల్లలం ఆ రాత్రి ఆయన పాటలే పెట్టుకున్నాం. ఆ నలుగురిలో తెలుగు చదవడం వచ్చింది ఒక్కరికే.

అదే సినిమాలో ‘బుట్టబొమ్మ’ మా ఒడియా స్నేహితులు అర్థం తెలియకుండా పాడుతుండేవారు. బుట్టబొమ్మ అంటే ఏమిటని అడిగారు. ఉత్సవాల్లో లోపల మనిషి దూరి ఆడించే పెద్ద బొమ్మ అని చెప్పాను. ఒకడు వెంటనే ‘మా చైతీఘోడా లాంటిదా?’ అన్నాడు. చేపలు పట్టే కేవటులు చైత్రంలో ఆడే వెదురు గుర్రం. అవును, లోపల మనిషి, బయట బొమ్మ. ఆ పాట నుంచి మేం రెండు గంటలు మా రెండు ఊళ్ల పండుగల గురించి మాట్లాడుకున్నాం. మాట లేని పాట అయితే ఇది జరిగేది కాదు.

నా పాట మాత్రం అది కాదు. ‘పలాస 1978’లో రఘు కుంచె గారి ‘నాది నక్కిలీసు గొలుసు’. పలాస మాకు దగ్గర. మా నానమ్మ మాట్లాడే మాట, ఆ యాస, ఆ ఊపు మొదటిసారి సినిమా పాటలో వినిపించాయి. ఫోనులో వినిపిస్తే నానమ్మ ‘ఇది మన పెళ్లిళ్లలో పాడేదేగా, సినిమావాళ్లకు ఎలా దొరికింది?’ అంది. తరువాత ఆవిడ నాకు ఇంకా నాలుగు పాటలు పాడి వినిపించింది. అంతకు ముందు పందొమ్మిదేళ్లలో ఆవిడ పాడగా నేను వినలేదు.


పాత రేడియో (రాయగడ)
సోమవారం, ఉదయం 8.10

బాబూ, నువ్వు తప్పేమీ మాట్లాడలేదు. ‘సామజవరగమన’ ఇప్పుడే రెండుసార్లు విన్నాను. మాట ఉంది. మంచి మాట ఉంది. నేను మోత అన్నది ఈ పాట గురించి కాదు, కాని వినకుండా అన్నింటినీ ఒకే గాటన కట్టడం నా తప్పు.

అయినా ఒక అభ్యంతరం ఉంచుకుంటాను. గాయకుడి నోట కొన్ని అక్షరాలు నలిగిపోతున్నాయి. గొంతు గొప్పది, అందులో సందేహం లేదు. కాని మన పిల్లలు తెలుగు నేర్చుకునేది ఈ పాటల నుంచే అయితే పలికేవాడి బాధ్యత రెట్టింపు. కోస్తాలో పిల్లవాడు తప్పు వింటే బడిలో దిద్దుకుంటాడు. మన రాయగడలో, గుణుపురంలో పిల్లవాడికి దిద్దేవారు ఎవరు? బాలుగారు ఒక్క ళకారం జారనిచ్చేవారు కాదు. 1966 నుంచి 2020 దాకా ఆ జాగ్రత్త సడలలేదు. ఒడియా బడిలో చదివిన నా కొడుక్కి ‘ళ’, ‘ల’, ‘ణ’, ‘న’ తేడాలు సరిగ్గా తెలిశాయంటే సగం ఒడియా చలవ, సగం బాలుగారి చలవ.


గుణుపురం బండి (భువనేశ్వర్ హాస్టలు)
సోమవారం, ఉదయం 8.45

తాతగారూ, దిద్దేవారు లేరన్న మాట నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు. నేను ఒత్తులు తప్పు పలుకుతానని ఈ మధ్యే తెలిసింది. మీరు చెప్పిన ‘మనసున మల్లెల’ ఈ రాత్రి వింటాను.


ప్రాణహిత గట్టు (సిరొంచ)
సోమవారం, మధ్యాహ్నం 1.15

నేను ఒడిశా వాణ్ణి కాను. మాది మహారాష్ట్ర చివర, గడ్చిరోలి జిల్లా. గోదావరి దాటితే కాళేశ్వరం. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. మా నాన్న తెలుగు పాటలు దేవనాగరిలో రాసుకునేవారు. దేవనాగరిలోనూ ఎ, ఏ తేడా లేదు, ఒ, ఓ తేడా లేదు. అందుకే ఈ శీర్షిక చూడగానే ఆగిపోయాను. మాకు ‘వ’ మాత్రం దక్కింది.

మా నాన్న పుస్తకంలో సగం ఘంటసాల పద్యాలు, సగం ‘గీత రామాయణం’. గ.ది. మాడ్గూళ్కర్ రాసి సుధీర్ ఫడ్కే వరస కట్టిన 56 పాటలు. 1955 నుంచి పుణే రేడియోలో వారానికొకటి చొప్పున ఏడాది పాటు వచ్చాయి. ఆయన ఒకవైపు పేజీలో మరాఠీ రాముణ్ణి, ఎదుటి పేజీలో తెలుగు రాముణ్ణి రాసుకున్నారు. నాకు చిన్నప్పుడు ఇద్దరు రాములు ఉండేవారు. ఇప్పటికీ ఉన్నారు.


సాలూరు ఘాటు (సాలూరు)
సోమవారం, రాత్రి 10.40

కొరాపుట్ దాటి బండి ఆపి రాస్తున్నాను. గుణుపురం పేరు చూస్తే పాత చిన్న రైలు గుర్తొచ్చింది. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం. 2004లో ఆపేశారు, పెద్ద పట్టాలు వేసి 2011లో మళ్లీ నడిపారు. చిన్న రైలులో కళ్లు లేని ఒక పెద్దాయన ‘పుష్పవిలాపం’ పద్యాలు పాడేవాడు. బండి అంత నెమ్మదిగా పోయేది కాబట్టి పద్యం మొత్తం వినిపించేది. దిగేటప్పుడు ఆయనకు డబ్బులు ఇవ్వడానికి జేబులో చెయ్యి పెట్టని మనిషి లేడు. ఘంటసాల గారిని నేను మొదట విన్నది ఆయన గొంతులోనే. అసలు రికార్డు తరువాతెప్పుడో విని, ఈయన కూడా బాగానే పాడుతున్నాడే అనుకున్నాను.


మహేంద్రతనయ (పర్లాకిమిడి)
మంగళవారం, రాత్రి 9.30

ఆ రైలులో ఆ పెద్దాయనను నేనూ విన్నాను, సాలూరు ఘాటు గారూ. గోధుమరంగు శాలువా ఉండేది. మళ్లీ ఎవరైనా ఆయనను తలుస్తారని అనుకోలేదు.

మొత్తం లెక్క తీశాను. 61 పాటల్లో 14 రాజేశ్వరరావు గారివి. అమ్మకు ఆయన పేరు తెలుసో లేదో! పేరు తెలియకుండానే ఏరుకుంది. ఈ ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని, దానిని తెలుగు లిపిలో పెట్టి సవర పిల్లలకు పుస్తకాలు తయారు చేశారు. వేరే లిపిలో సొంత మాట దాచుకోవడం మా ఊరికి కొత్త కాదు. అమ్మకు పంతులుగారు లేరు, తనే చేసుకుంది.

ఇక చివరి పేజీ. 61వ పాట. ఒడియాలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

ఎటికెటికి బచ్చు తల్లి ఎదురు రండమ్మా

కింద ఇంకా ఆరు వరసలు ఉన్నాయి, చాలావరకు పసుపు, కుంకుమ, వేపమండల పేర్లు. ‘బచ్చు’ అంటే ‘వచ్చు’ అని తెలిసింది. మొదటి మాటే చిక్కు. ఏటికేటికి అంటే ప్రతి ఏడూ వచ్చే తల్లి అనా? ప్రతి ఏటికీ, అంటే ప్రతి నదికీ వచ్చే తల్లి అనా? ఒడియా అక్షరాలు ఏమీ చెప్పవు, తెలుగులో రాసినా రెండర్థాలూ నిలుస్తున్నాయి. ఇది ఏ సినిమా?


బరంపురం కోడలు (బరంపురం)
మంగళవారం, రాత్రి 10.05

సినిమా పాట కాదు. అమ్మవారి పాట. వేపమండలు, పసుపు అన్నారంటే ఘటాల పాట. మా ఠాకురాణీ యాత్రలో బుడీ ఠాకురాణీ పుట్టింటికి వస్తుంది, దేశిబెహరా వీధికి. ఆడవాళ్లు ఘటాలు ఎత్తుకుని వీధులు తిరుగుతారు. మా నేతవాళ్లు తెలుగు పాటలు పాడతారు. మా అత్తగారు పాడిన వాటిలో ఇది లేదు.

ఒక్కటి మాత్రం చెప్పగలను. మా యాత్ర రెండేళ్లకు ఒకసారి. కనుక ‘ఏటేటా వచ్చే తల్లి’ అని మా ఊళ్లో పాడరు. మా ఊరి పాటే అయితే అది నది కావాలి. మీ ఊరి పాటైతే సంవత్సరం కావచ్చు.


వీణ పంతులమ్మ (జయపురం)
మంగళవారం, రాత్రి 10.30

వరస ఎలా ఉంటుందో తెలిస్తే అర్థం తేలుతుంది. ‘ఏటికి, ఏటికి’ అని విడదీసి ఆగుతూ పాడితే నది. ఒకే ఊపిరిలో కలిపేస్తే సంవత్సరం. మహేంద్రతనయ గారూ, అమ్మగారు పాడగా విన్న గుర్తు ఉందా?


మహేంద్రతనయ (పర్లాకిమిడి)
మంగళవారం, రాత్రి 10.40

లేదు అమ్మా. ఈ పాట ఆమె మా ముందు పాడలేదు. మిగతా అరవై పాడింది.


గుణుపురం బండి (భువనేశ్వర్ హాస్టలు)
బుధవారం, ఉదయం 6.30

నానమ్మకు ఫోను చేశాను. మొదటి ముక్క చదవగానే తనే అందుకుంది. రెండు వరసలు పాడి ఆగిపోయింది, మిగతావి గుర్తు రావడం లేదట. వంశధార ఒడ్డున ఘటాలు కడిగేటప్పుడు పాడేవారట. పెళ్లి కాని పిల్లలు పాడకూడదు, ఇంట్లో పాడకూడదు, ఏట్లోకి దిగాకే పాడాలి. అందుకే మీ అమ్మగారు ఇంట్లో పాడి ఉండరని నానమ్మ అంటోంది.

‘ఏటికి’ దగ్గర ఆగింది పంతులమ్మగారూ. రెండుసార్లూ ఆగింది.

శనివారం ఇంటికి వెళ్తున్నాను. మహేంద్రతనయ గారూ, ఆ ఆరు వరసలు తెలుగులో రాసి పెట్టండి. నానమ్మను ఏటి దగ్గరికి తీసుకెళ్లి, నేను చదువుతూ అందిస్తే పాడుతుందట. రికార్డు చేసి ఇక్కడ పెడతాను.


మహేంద్రతనయ (పర్లాకిమిడి)
బుధవారం, ఉదయం 7.05

ఇప్పుడే రాయడం మొదలుపెట్టాను బాబూ. మూడో వరసలో ఒక ఖాళీ ఉంది. అమ్మ నింపలేదు. ఆ చోట మీ నానమ్మగారు ఏమంటారో విడిగా వినిపించేలా పాడమని చెప్పు. శనివారం పొద్దున్న రైలుకు నేనూ గుణుపురం వస్తాను, పుస్తకం తెస్తాను.